విద్య ఒక్కరి లాప్‌టాప్‌లో ఉండిపోకూడదు: అన్సిబుల్‌ని కంటైనర్‌లోంచే నడుపుదాం



పోస్ట్ కొంచెం పెద్దదే. సర్వర్ల పని నేర్చుకుంటున్నవాళ్లు, లినక్స్ ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్నవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి. మిగతావాళ్లు మీ ఊళ్లో డిగ్రీలోనో బీటెక్‌లోనో కంప్యూటర్స్ చదివే పిల్లలుంటే వాళ్లకి పంపండి.

ఈ మధ్య మన గ్రూపులో ఒక వాదన నడుస్తోంది. అన్సిబుల్ నేర్చుకోవాలంటే లాప్‌టాప్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలా, లేక కంటైనర్‌లో పెట్టుకుని నడపాలా అని. "ఒక్క కమాండ్‌తో అయిపోయే పనికి కంటైనర్ ఎందుకన్నా, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?" అని కొందరు తమ్ముళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మాలో సర్వర్ పనుల్లో ఉన్న కొంతమందిమి కూర్చుని మాట్లాడుకుని ఈ జవాబు రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాం. మనలాగా గుంపుగా నేర్చుకునేవాళ్లకి, ఒకరి పని ఇంకొకరు అందుకోవాల్సిన వాళ్లకి కంటైనరే సరైన దారి. కానీ రెండు షరతులు. ఒకటి, తాళంచెవులు దాని లోపల పెట్టకూడదు. రెండు, అందులో ఏముందో రాసుకున్నది మనమే అయ్యుండాలి. ఈ రెండూ లేకపోతే కంటైనర్ వాడకపోవడమే మంచిది.

ముందు కొత్తవాళ్ల కోసం

పది సర్వర్లలో చేయాల్సిన పనిని ఒకచోట రాసి, పదింటిలోనూ ఒకేసారి చేయించే పనిముట్టు అన్సిబుల్. 2012లో మైకేల్ డిహాన్ మొదలుపెట్టాడు, 2015లో రెడ్ హ్యాట్ కంపెనీ కొనేసింది. అవతలి సర్వర్లలో దీని కోసం ప్రత్యేకంగా ఏ ఏజెంటూ పెట్టక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ దారిలో లోపలికి పోతుంది, ఒక చిన్న పైథాన్ ముక్కని అక్కడ నడుపుతుంది, పనయ్యాక దాన్ని తుడిచేసి వచ్చేస్తుంది. ఏ పనులు చేయాలో రాసుకున్నది ప్లేబుక్. ఏ సర్వర్లలో చేయాలో రాసుకున్నది ఇన్వెంటరీ.

అంటే అవతల ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే దాదాపు సరిపోతుంది. బరువంతా ఇవతలి వైపు, అంటే మనం కూర్చుని నడిపే యంత్రం మీద పడుతుంది. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇక కంటైనర్. మన పెద్దలు పోడుకి పోయేటప్పుడు సొరకాయ బుర్రలో అంబలి పోసుకుని భుజాన వేసుకుని పోతారు కదా. అక్కడ ఏం దొరుకుతుందో, దొరకదో అని చూసుకోరు. కావాల్సింది వెంటే ఉంటుంది. కంటైనర్ కూడా అలాంటిదే. అన్సిబుల్, దానికి కావాల్సిన పైథాన్, ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు, మిగతా లైబ్రరీలు అన్నీ ఒకే మూటగా కట్టేస్తాం. ఆ మూటని ఇమేజ్ అంటారు. డాకర్ గానీ పాడ్‌మన్ గానీ ఉన్న ఏ యంత్రం మీదైనా అది ఒకేలా నడుస్తుంది.

నేరుగా ఇన్‌స్టాల్ చేస్తే ఏమవుతుంది?

మొదటి చిక్కు విండోస్. మనలో చాలామందికి ఉన్నవి విండోస్ యంత్రాలే. హాస్టల్ ల్యాబుల్లోనూ అవే. విండోస్ సర్వర్లని అన్సిబుల్‌తో నడిపించవచ్చు గానీ, అన్సిబుల్‌ని విండోస్ మీద కూర్చోబెట్టి నేరుగా నడపడం కుదరదు. డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోవాలి, లేదా లినక్స్ వేసుకోవాలి.

రెండో చిక్కు పిప్. డెబియన్ 12, ఈమధ్య ఉబుంటులు మామూలు పిప్ ఇన్‌స్టాల్‌ని ఒప్పుకోవు. 'ఈ పైథాన్‌ని సిస్టమ్ చూసుకుంటోంది, నువ్వు చెయ్యి పెట్టకు' అని ఆపేస్తాయి. ఆ హెచ్చరికని బలవంతంగా దాటే ఆప్షన్ ఒకటి వీడియోల్లో చూపిస్తారు. పిల్లలు దాన్నే కొట్టేస్తారు. ఇవాళ పని అవుతుంది. ఎప్పుడో ఒకరోజు సిస్టమ్ అప్‌డేట్ చేసినప్పుడు ఇంకేదో విరుగుతుంది, ఎందుకు విరిగిందో తెలియదు.

మూడోది అన్నిటికంటే పెద్దది: వెర్షన్లు. ఒక నిజమైన ఉదాహరణ చెప్తాం. 2024 మే నెలలో వచ్చిన అన్సిబుల్ కోర్ 2.17 నుంచి, అవతలి సర్వర్లో పైథాన్ 3.6 గానీ 2.7 గానీ ఉంటే పని చేయదు. దానికి ముందున్న 2.16 వాటితో పని చేస్తుంది. సెంటోస్ 7లో ఉన్నది పైథాన్ 2.7. రెడ్ హ్యాట్ లినక్స్ 8లో సిస్టమ్ సొంతంగా వాడుకునేది 3.6. 'అయితే ఆ సర్వర్లో కొత్త పైథాన్ వేసేద్దాం' అంటారేమో, అక్కడా మెలిక ఉంది. ప్యాకేజీలు ఎక్కించే డీఎన్‌ఎఫ్ మాడ్యూల్‌కి కావాల్సిన లైబ్రరీ ఆ సిస్టమ్ పైథాన్‌తోనే ముడిపడి ఉంటుంది. పక్కన కొత్త పైథాన్ పెట్టినా ఆ పని మాత్రం నడవదు.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి తెలుసు, పాత సర్వర్లు ఎక్కడైనా ఉంటాయి. పది కొత్తవైతే మూడు పాతవి. నిన్నటిదాకా నడిచిన ప్లేబుక్ ఇవాళ అన్సిబుల్ అప్‌డేట్ అవ్వగానే ఆ మూడింటి మీద ఆగిపోతుంది. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న మన తమ్ముడు తన ప్లేబుక్‌లోనే తప్పుందనుకుని తెల్లారేదాకా దాన్నే తిరగేస్తాడు. అదే 2.16 ఒక ఇమేజ్‌లో, కొత్త వెర్షన్ ఇంకో ఇమేజ్‌లో ఉన్నాయనుకోండి. పాత సర్వర్లకి పాతది, కొత్తవాటికి కొత్తది పిలుస్తాడు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. పాత వెర్షన్‌ని ఎల్లకాలం పట్టుకుని వేలాడమని కాదు, ఆ సర్వర్లు మారేదాకా ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుందని.

ఇది మేమేదో కొత్తగా కనిపెట్టి చెప్తున్నది కాదు. 2021లో వచ్చిన తన ఆటోమేషన్ ప్లాట్‌ఫాం 2లో రెడ్ హ్యాటే ఈ దారికి వచ్చింది. అంతకుముందు పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లలో నడిపేవాళ్లు. ఇప్పుడు ప్రతి పనీ కంటైనర్ ఇమేజ్‌లోంచే నడుస్తుంది. దాన్ని ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఆ ఇమేజ్‌లు తయారు చేయడానికి అన్సిబుల్ బిల్డర్, వాటిని వాడి ప్లేబుక్‌లు నడపడానికి అన్సిబుల్ నావిగేటర్ ఉన్నాయి. ఇంటర్వ్యూకి పోయేవాళ్లు ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి.

మనకి దీనివల్ల ఒరిగేది ఏంటి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పెద్ద కంపెనీ దాని అవసరం కొద్దీ చేసుకుంది. మనకెందుకు?

ఒకటి, నెట్. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లు మనవి. పది మంది పిల్లలు పది లాప్‌టాప్‌లలో అన్సిబుల్ దింపుకోవాలంటే అదే సరుకు పదిసార్లు దిగాలి. మధ్యలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇమేజ్ అయితే విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లు ఒక్కసారి తయారు చేసి, డాకర్ సేవ్ కమాండ్‌తో ఒకే ఫైల్‌గా దించి పెన్‌డ్రైవ్‌లో వేస్తారు. కొన్ని వందల ఎంబీలు, అంతే. పండక్కి ఊరెళ్లేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే, అక్కడ డాకర్ ఉన్న యంత్రంలో డాకర్ లోడ్ కొడితే చాలు. ఒక్క ఎంబీ నెట్ అక్కర్లేదు. మేం చూసినంతలో మన పిల్లలకి ఇంతకంటే పనికొచ్చే సౌకర్యం ఇంకోటి లేదు.

రెండు, డబ్బు. క్లౌడ్‌లో ఉచిత ఖాతా అంటారు గానీ, దాదాపు ప్రతిచోటా ముందు కార్డు నంబరు అడుగుతారు. ఏ పిల్లాడి దగ్గర ఉంటుంది కార్డు? ఉన్నా, సర్వర్ ఆపడం మర్చిపోతే వచ్చే బిల్లు ఎవరు కడతారు? కంటైనర్లతో అయితే ఒకే లాప్‌టాప్‌లో మొత్తం ల్యాబ్ పెట్టేయవచ్చు. ఒక కంటైనర్‌లో అన్సిబుల్. పక్కన ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, పైథాన్ ఉన్న ఇంకో రెండు మూడు చిన్న కంటైనర్లు. అవే మన ఉత్తుత్తి సర్వర్లు. అన్నిటినీ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో పెడితే పేర్లతోనే పిలుచుకుంటాయి. పాడు చేసినా నష్టం లేదు, తీసేసి మళ్లీ లేపుకుంటాం. సర్వర్‌ని పాడు చేయడానికి భయపడేవాడు సర్వర్ పని నేర్చుకోలేడు. మన పిల్లలకి ఆ భయం లేకుండా చేయాలి. ఒక్క మాట, అసలు సర్వర్‌లో సర్వీసులు లేచే పద్ధతి ఈ చిన్న కంటైనర్లలో అచ్చంగా ఉండదు. కాబట్టి సిస్టమ్‌డీ పనులు మాత్రం తర్వాత నిజమైన యంత్రం మీదో వర్చువల్ మెషీన్ మీదో చేసి చూడాలి.

మూడు, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఏ గుంపులోనైనా పనంతా తెలిసినవాడు ఒకడుంటాడు. వాడి లాప్‌టాప్‌లో అన్నీ నడుస్తాయి, మిగతావాళ్ల దగ్గర ఏదీ నడవదు. ఎలా పెట్టావురా అంటే "ఎప్పుడో పెట్టాను, గుర్తులేదు" అంటాడు. వాడికి ఉద్యోగం వచ్చి బెంగుళూరు పోతే గుంపు మళ్లీ సున్నా నుంచి మొదలు. డాకర్‌ఫైల్ ఉంటే అలా జరగదు. ఏ పునాది ఇమేజ్, ఏ వెర్షన్ అన్సిబుల్, ఏ కలెక్షన్లు అనేది అందులో వరుసగా రాసి ఉంటుంది. పది పదిహేను లైన్ల కాగితం అది. ఎవరు పోయినా కాగితం మిగులుతుంది. మన తాతల దగ్గర ఎంత విద్య ఉండేదో, రాసి పెట్టేవాళ్లు లేక ఎంత పోయిందో మనకి వేరే చెప్పక్కర్లేదు. కనీసం ఈ కొత్త విద్యనైనా ఒక్కరి చేతిలో వదిలేయొద్దు.

తాళంచెవుల సంగతి

ఇక మొదటి షరతు. ఇక్కడ మేం కఠినంగానే చెప్తాం.

అన్సిబుల్ నడిచేది ఎస్‌ఎస్‌హెచ్ కీ మీద. ఆ ప్రైవేట్ కీ దొరికినవాడికి సర్వర్లన్నీ దొరికినట్టే. తేలిగ్గా ఉంటుందని కీని ఇమేజ్ లోపలే పెట్టేసే అలవాటు కొందరికి ఉంది. అది ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్టు. "తర్వాత లైన్‌లో డిలీట్ చేసేశాం కదా" అంటారు. ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది. పై పొరలో తుడిచినా కింది పొరలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇమేజ్ ఫైల్ విప్పి చూస్తే బయటపడుతుంది. పైగా మనం ఆ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఊరూరా తిప్పుతాం అంటున్నాం. ఆలోచించండి.

కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ కీ, వాల్ట్ పాస్‌వర్డ్ బయటే ఉండాలి. నడిపేటప్పుడు మాత్రమే, చదవడానికి మాత్రమే వీలుండేలా లోపలికి చూపించాలి. లేదా ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సాకెట్‌ని చూపిస్తే, కీ అసలు కంటైనర్‌లోకి రాకుండానే పని జరుగుతుంది. ప్లేబుక్‌లు, ఇన్వెంటరీ కూడా బయటి ఫోల్డర్‌లోనే ఉంచాలి. ఇమేజ్‌లో ఉండాల్సింది పనిముట్లు మాత్రమే.

ఇంకో చెడ్డ అలవాటు. కంటైనర్ ప్రతిసారీ కొత్తగా లేస్తుంది కాబట్టి, ఇంతకుముందు చూసిన సర్వర్ల గుర్తులు దాని దగ్గర ఉండవు. ప్రతిసారీ 'ఈ సర్వర్‌ని నమ్మాలా' అని అడుగుతుంది. విసుగొచ్చి హోస్ట్ కీ చెకింగ్ ఆపేస్తారు. చాలా వీడియోల్లో మొదటి పాఠమే అది! ఆపేస్తే, మధ్యలో ఇంకెవడో మన సర్వర్‌లా నటించినా మనకి తెలియదు. నోన్ హోస్ట్స్ ఫైల్‌ని కూడా బయట ఉంచి లోపలికి చూపిస్తే విసుగూ పోతుంది, భద్రతా ఉంటుంది.

అలాగే డాకర్ సాకెట్‌ని కంటైనర్ లోపలికి ఇవ్వకండి. ఇస్తే మీ లాప్‌టాప్ రూట్ అధికారం దాని చేతిలో పెట్టినట్టే. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు తయారు చేసి నెట్‌లో పెట్టిన అన్సిబుల్ ఇమేజ్‌ని దింపి, దానికి మీ కీ చూపించడం కూడా అంతే ప్రమాదం. మా రెండో షరతు అందుకే. ఇమేజ్ మనమే కట్టుకుందాం, లేదా కనీసం దాని డాకర్‌ఫైల్ చదివి అర్థం చేసుకున్నాకే వాడదాం.

మిమ్మల్ని ఆపేసే చిన్న చిన్న చిక్కులు

ఇవి ముందే తెలిస్తే గంటలు మిగులుతాయి.

1. కంటైనర్‌లో లోకల్‌హోస్ట్ అంటే మీ లాప్‌టాప్ కాదు, ఆ కంటైనరే. లోకల్‌హోస్ట్ మీద ఏదైనా ఇన్‌స్టాల్ చేయిస్తే అంతా సక్రమంగా అయినట్టు పచ్చగా చూపిస్తుంది. కంటైనర్ తీసేయగానే అదీ పోతుంది.

2. రూట్‌గా నడిపితే బయటి ఫోల్డర్‌లో పుట్టే ఫైళ్లు రూట్ పేరు మీద ఉంటాయి, మీరు మార్చలేరు. సరే అని మీ యూజర్ నంబరుతో నడిపితే, 'ఈ నంబరుతో యూజర్ ఎవరూ లేరు' అని ఎస్‌ఎస్‌హెచ్ మొరాయిస్తుంది. ఇమేజ్ కట్టేటప్పుడే అదే నంబరుతో ఒక మామూలు యూజర్‌ని తయారు చేసుకుంటే రెండూ తీరిపోతాయి. రూట్ లేకుండా నడిచే పాడ్‌మన్ కూడా మంచి దారే.

3. డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లు పని ఫోల్డర్‌ని సీ డ్రైవ్‌లో పెట్టొద్దు. అక్కడి ఫైళ్లు అందరికీ తెరిచి ఉన్నట్టు కనిపిస్తాయి. దాంతో ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని ఒప్పుకోదు, అన్సిబుల్ తన కాన్ఫిగ్ ఫైల్‌ని పట్టించుకోదు. లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి.

4. 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ మీద డాకర్ డెస్క్‌టాప్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. డబ్ల్యూఎస్‌ఎల్ లోపలే డాకర్ గానీ పాడ్‌మన్ గానీ వేసుకోండి. ఆఫీస్ లాప్‌టాప్‌లో అయితే అడక్కుండా డాకర్ డెస్క్‌టాప్ వేయొద్దు. చదువుకి, సొంత వాడకానికి ఉచితమే గానీ, 250 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలు డబ్బు కట్టాలి.

వద్దు అనేవాళ్ల మాట

"ఇదంతా కంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చాలు కదా" అంటారు. ఒక్కరే, లినక్స్ మీద, మంచి నెట్‌తో పని చేసుకుంటుంటే నిజంగా చాలు. ఆ మాట మేమూ ఒప్పుకుంటాం. కానీ దాన్ని మూటకట్టి ఇంకో యంత్రానికి మోసుకెళ్లలేం. అసలు పైథాన్, ఎస్‌ఎస్‌హెచ్ లాంటివి దాని బయటే ఉంటాయి, ఒక్కో యంత్రంలో ఒక్కోలా ఉంటాయి.

"రెడీమేడ్‌గా ఇస్తే పిల్లలు లోపలేముందో నేర్చుకోరు" అనే మాటలో ఇంకా బలముంది. దీనికి మా జవాబు వరుస మార్చడమే. మొదటి వారం కంటైనరూ వద్దు, అన్సిబులూ వద్దు. ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే. కీ తయారు చేయడం, చేత్తో ఒక సర్వర్‌లోకి పోవడం, చేత్తో ఒక ప్యాకేజీ వేయడం. రెండో వారం అదే పనిని కంటైనర్‌లో ఉన్న అన్సిబుల్‌తో చేయించడం. మూడో వారం ఆ డాకర్‌ఫైల్‌ని లైన్ లైన్ చదివి, తామే మళ్లీ కట్టడం. ఇన్‌స్టాల్ ఎర్రర్లతో కుస్తీ పడటమే చదువు అనుకోవద్దు. ఆ కుస్తీలో విసిగి వదిలేసిన పిల్లల్ని మనం చూస్తూనే ఉన్నాం. మొదటి రెండు వారాలూ ఎర్రర్లు చూసి, 'ఇది మనవల్ల కాదులే' అనుకుని పోతారు. వాళ్లకి తెలివి లేక కాదు. వాళ్ల యంత్రం, వాళ్ల నెట్ వాళ్లని ఓడించాయి.

మనం పోరాడాల్సినవి ఎలాగూ చాలా ఉన్నాయి. పైథాన్ వెర్షన్‌తో కూడా పోరాడాలా?

అందుకే మా ప్రతిపాదన. గ్రూపు తరఫున రెండు ఇమేజ్‌లు కడదాం: ఒకటి 2.16, ఒకటి కొత్త వెర్షన్. డాకర్‌ఫైల్‌లో ప్రతిదానికీ వెర్షన్ నంబరు రాసి పెడదాం, 'లేటెస్ట్' అని వదిలేయొద్దు. దాన్ని అందరికీ కనిపించేలా గ్రూపు ఫైళ్లలో ఉంచుదాం. ఇమేజ్ ఫైల్‌తో పాటు దాని చెక్‌సమ్ కూడా ఇద్దాం, పెన్‌డ్రైవ్‌లో చేతులు మారాక సరిచూసుకోవడానికి. మూడు నెలలకోసారి తిరిగి కట్టే బాధ్యత ఒక్కరికి కాకుండా ఇద్దరికి ఇద్దాం, అందులో ఒకరు ఇంకా చదువుకుంటున్నవాళ్లయ్యుండాలి. ఊరికి వెళ్లే ప్రతివాళ్లూ దగ్గర్లో ఉన్న ఒక హాస్టల్‌కి ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్దాం.

ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, వాదిద్దాం. కట్టడానికి ముందుకొచ్చేవాళ్లు, దగ్గర్లో హాస్టల్ ఉన్నవాళ్లు కింద పేరు పెట్టండి. ముఖ్యంగా చెల్లెళ్లు వెనక్కి తగ్గొద్దు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు అమ్మాయి ఉండాలని మా కోరిక.

జోహార్.